పెద్ద టైర్లు, పాత ఇరుసులు: ఎడ్లబండి నుంచి జిప్సీ దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పాత జిప్సీ గానీ కొత్త జిమ్నీ గానీ కొన్న తమ్ముళ్లు మెకానిక్‌ని ముందు అడిగేది ఒకటే: "అన్నా, రెండించులు లిఫ్ట్ చేపిస్తే ఎంత పెద్ద టైర్లు పడతయ్?" చరిత్ర చెప్పే చోట ఈ గ్యారేజీ ముచ్చట ఏందని అనుకోవద్దు. ఈ ప్రశ్నకు మన ఊళ్లలో చాలా పాత జవాబు ఉంది.

ముందు నేల సంగతి చూద్దాం. ఈ మూడూ 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జిల్లాలే, కానీ మూడింటి నేల ఒకటి కాదు. జనగామ వైపు ఎర్ర చెల్కలు, రాళ్ల గుట్టలు. మహబూబాబాద్‌లో కొత్తగూడ, గంగారం వైపు అడవి. భూపాలపల్లి దాటి మహాముత్తారం, పలిమెల పోతే గోదావరి దాకా అడవి దారులు, అడ్డంగా వాగులు. నల్లరేగడి ఉన్నచోట వాన పడిందంటే చక్రం దిగబడాల్సిందే.

ఈ నేల మీద తరతరాలు నడిచింది ఎడ్లబండి. పాత కర్రచక్రం బండిని ఎప్పుడైనా చూస్తే దాని ఇరుసు ఎక్కడుందో గమనించండి. చక్రం ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉంటుంది. దారిలో రాయి గానీ మొద్దు గానీ ఉంటే ఆ ఇరుసు కింద నుంచే పోవాలి. అంటే ఇరుసు పైకి లేవాలంటే చక్రం పెద్దది కావాలి, ఇంకో దారి లేదు. పెద్ద చక్రానికి ఇంకో లాభం కూడా ఉంది: గుంతలో తక్కువ దిగుతుంది, గట్టును సులువుగా ఎక్కుతుంది. వడ్రంగికి ఈ లెక్క చేతిలోనే ఉండేది. తర్వాత రబ్బరు టైర్ల బండి వచ్చింది. చక్రం చిన్నదైంది, రోడ్డు మీద ఎడ్లకు బరువు తగ్గింది. కానీ ఇరుసు నేలకు దగ్గరైంది.

ఇక్కడ జీపు కథ మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి దాదాపు 6.4 లక్షల జీపులు తయారుచేశాయి. మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. జీపులో బాడీ కమాన్ కట్టల మీద కూర్చుంటుంది, ఇరుసు మాత్రం చక్రాల మధ్యే ఉంటుంది. అంటే ఎత్తులు రెండు: బాడీ ఎత్తు ఒకటి, ఇరుసు ఎత్తు ఇంకొకటి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే నడుస్తుంది.

జపాన్‌లో హోప్ మోటార్ అనే చిన్న కంపెనీ ఓఎన్360 అనే బుల్లి ఫోర్ వీల్ డ్రైవ్ తయారుచేసింది. ఆ డిజైన్‌ని సుజుకి కొనుక్కుని, 1970లో ఎల్‌జె10గా తెచ్చింది. దాని ఇంజిన్ 359 సీసీ. అప్పటి జపాన్ చిన్నకార్ల రూల్ ప్రకారం పొడవు 3 మీటర్లు దాటకూడదు. అందుకే స్టెప్నీని వెనక వేలాడదీయకుండా లోపలే పెట్టారు, ముగ్గురే కూర్చునేవాళ్లు. ఇంజిన్ అంత చిన్నదైనా చక్రాలు మాత్రం 16 అంగుళాలవి. చూశారా, అక్కడా అదే లెక్క!

ఆ కుటుంబం నుంచే 1985 డిసెంబర్‌లో 970 సీసీ మారుతి జిప్సీ వచ్చింది. 1996లో 1.3 లీటర్ ఇంజిన్‌తో జిప్సీ కింగ్ అయింది. సైన్యంలో, పోలీసుల్లో ఏళ్ల తరబడి తిరిగింది. నాలుగు మూలలా కమాన్ కట్టలే కాబట్టి లిఫ్ట్ చేయడం సులువు. పొడుగు షాకిళ్లు వేస్తారు, లేదంటే కట్టలో ఒక పట్టీ పెంచుతారు. ఇంకా ఎత్తు కావాలంటే ఇరుసు కింద ఉన్న కమాన్‌ని ఇరుసు పైకి మారుస్తారు. ఏది చేసినా లేచేది బాడీ మాత్రమే. ఇరుసు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. లిఫ్ట్ చేసేది పెద్ద టైరుకు చోటు ఇవ్వడానికే. ఇరుసును లేపేది టైరే.

లెక్క చూద్దాం. 2023లో మన దగ్గరకొచ్చిన జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్15. దాని ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 733 చిల్లర అవుతుంది. తేడా 40 మిల్లీమీటర్లు. ఇరుసు లేచేది అందులో సగం, అంటే 20 మాత్రమే! రెండించుల లిఫ్ట్‌కి డబ్బు పెట్టి బాడీని 50 మిల్లీమీటర్లు లేపితే, రాయికి తగిలే గుండు మాత్రం రెండు సెంటీమీటర్లే లేస్తుంది. పైగా మీటర్ చూపించేదానికంటే అసలు స్పీడు ముందున్నదానికి దాదాపు 6 శాతం పెరుగుతుంది. టైరు బరువు పెరుగుతుంది, బ్రేకుకి పని పెరుగుతుంది, పికప్ తగ్గుతుంది.

ఇంకో ధర కూడా ఉంది. జిప్సీ తోబుట్టువును అమెరికాలో సమురాయ్ పేరుతో అమ్మారు. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక దాన్ని పరీక్షించి, మలుపులో బోల్తా పడే ప్రమాదం ఉందని, కొనదగింది కాదని రాసింది. సుజుకి ఒప్పుకోలేదు, 1996లో కేసు వేసింది, 2004లో రాజీ కుదిరింది. ఎవరిది రైటు అన్నది పక్కన పెట్టండి. కంపెనీ ఎత్తులోనే అంత వాదన జరిగింది కదా, దాని మీద ఇంకో రెండించులు లేపి హైవే ఎక్కితే ఏమవుతుంది? వెడల్పు పెరగకుండా ఎత్తు పెరిగిన బండి, మలుపులో తొందరగా ఒరుగుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైంది వాగు. 2023 జులైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది, జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలో ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీకూతుళ్లు చనిపోయారు. పారే నీళ్లు రెండు అడుగులుంటే చాలు, చాలా కార్లను, ఎస్‌యూవీలను కూడా ఎత్తుకుపోతాయి. పెద్ద టైరులో గాలి ఎక్కువ, కాబట్టి అది నీళ్లలో తేలడానికే సాయం చేస్తుంది. ఎత్తు పనికొచ్చేది రాయికి, బురదకి. ప్రవాహానికి కాదు.

జిప్సీ అంటే నాకూ ఇష్టమే, మోజు పడొద్దని చెప్పట్లేదు. మంచి టైర్లు కొనండి, కానీ కంపెనీ ఒప్పుకున్న సైజులోనే. బురదలో గాలి కొంచెం తగ్గించి, తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపండి. కింద ఇరుసు ఎంత ఎత్తులో ఉందో ఒకసారి వంగి చూడండి. ఛాతీ ఎత్తు చక్రాలున్న బండి తోలినోళ్లు కూడా వాగు పొంగితే ఎడ్లను విప్పి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే ఆగేవాళ్లు.