బ్రౌజర్‌కి ర్యామ్ ఎంతున్నా ఎందుకు చాలదు? ముప్పై ఏళ్ల కథ, మన 4 జీబీ లెక్క



వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులొస్తే చాలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంట్లో సిస్టమ్ 4 జీబీ. క్రోమ్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదలట్లేదు. కొత్తది కొనాలా?" షాపులో అడిగితే కొనమనే అంటారు. యూట్యూబ్‌లో వెతికితే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు. నేను మాత్రం చరిత్ర చెప్తాను. ఎందుకంటే బ్రౌజర్ వాడే మెమరీ అంతా ఒకటే రకం కాదు. కొంత ప్రోగ్రాంలో తప్పుల వల్ల కారిపోయేది, కొంత పేజీల బరువు, ఇంకొంత మన భద్రత కోసం పెట్టే ఖర్చు. ఏది ఎప్పుడు ఎందుకు వచ్చి చేరిందో తెలిస్తే, ఎక్కడ తగ్గించాలో ఎక్కడ చెయ్యి పెట్టకూడదో అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న లెక్క. 1995లో వచ్చిన విండోస్ 95కి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస ర్యామ్ 4 ఎంబీ. 2021లో వచ్చిన విండోస్ 11కి కనీసం 4 జీబీ. అంటే 1,024 రెట్లు. అప్పుడు 4 ఎంబీ మీద తిప్పలు పడ్డవాళ్లే, ఇప్పుడు 4 జీబీ మీద మనమూ అంతే.

ర్యామ్ అంటే వంటకి కూర్చున్నప్పుడు ముందు పరుచుకునే చోటు లాంటిది. హార్డ్ డిస్క్ ఇంటి వెనక గాదె. చోటు నిండిపోతే విండోస్ కొన్ని సామాన్లు గాదెలో పెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ తెస్తుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో ఆ తిరుగుడు చాలా నెమ్మది. మౌస్ కదలకపోవడం అంటే ఎక్కువసార్లు ఇదే. కంప్యూటర్ చెడిపోలేదు, గాదెకీ పొయ్యికీ మధ్య తిరుగుతోంది.

ఇక కథలోకి వద్దాం. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎన్‌సీఎస్‌ఏ అనే కేంద్రంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బినా కలిసి మొజాయిక్ బ్రౌజర్ తయారుచేశారు. 1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్ వచ్చింది. అప్పటి పేజీ అంటే కాగితం లాంటిదే. కొన్ని అక్షరాలు, ఒకట్రెండు బొమ్మలు. చదివి ఇంకో పేజీకి వెళ్తే పాతదాని పని అయిపోయినట్టే. 1995లో నెట్‌స్కేప్‌లో పనిచేసే బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం రాశాడు. అక్కణ్నుంచి పేజీ అనేది ఒక నడిచే ప్రోగ్రాం అయింది. ప్రోగ్రాం అన్నాక దానికి చోటు కావాలి, వాడిన చోటు తిరిగి ఇవ్వాలి. ఆ తిరిగి ఇవ్వడం దగ్గరే తంటా మొదలైంది.

పెళ్లికి పక్కింటి నుంచి గిన్నెలు తెచ్చుకుంటాం కదా. పెళ్లి అయిపోయాక ఒకరేమో "నువ్వు ఇచ్చాక నేనిస్తా" అని, ఇంకొకరు "ముందు నువ్వివ్వు" అని కూర్చుంటే ఆ గిన్నెలు ఎప్పటికీ వెనక్కి రావు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో అచ్చం ఇలాగే జరిగేది. పేజీలో ఉన్న వస్తువు జావాస్క్రిప్ట్‌ని పట్టుకుని ఉండేది, జావాస్క్రిప్ట్ ఆ వస్తువుని పట్టుకుని ఉండేది. రెండింటి లెక్కలు చూసే యంత్రాంగాలు వేర్వేరు కాబట్టి పేజీ వదిలి వెళ్లిపోయినా ఆ మెమరీ ఖాళీ అయ్యేది కాదు. దీన్నే మెమరీ లీక్ అన్నారు.

మనుషులు ఒక పేజీని నిమిషం చూసి మూసేసినంత కాలం ఇది పెద్దగా బయటపడలేదు. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. పొద్దున తెరిచిన పేజీ రాత్రిదాకా అలాగే ఉండటం అలవాటైంది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చి ట్యాబ్‌లని మామూలు జనానికి అలవాటు చేసింది. కారే కుండలు ఒకటి కాదు, పది వరసగా పెట్టినట్టయింది.

ఫైర్‌ఫాక్స్‌కి "మెమరీ తింటుంది" అన్న పేరు వచ్చింది అప్పుడే. అందులో కొంత న్యాయం, కొంత అన్యాయం. 2005 చివర్లో వచ్చిన 1.5లో వెనక్కి బటన్ నొక్కగానే పేజీ ఠక్కున వచ్చేలా, చూసిన పేజీలని కొన్నింటిని మెమరీలోనే ఉంచడం మొదలుపెట్టారు. ర్యామ్‌ని బట్టి ఎనిమిది పేజీల దాకా. ఇది లీక్ కాదు, వేగం కోసం కావాలని చేసిన పని. కానీ చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపించాయి. టాస్క్ మేనేజర్‌లో పెద్ద అంకె చూడగానే కంగారు పడే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఖాళీగా పడున్న ర్యామ్ వల్ల మనకేం లాభం లేదు. నిండిపోయి గాదెకి తిరగడం మొదలైతేనే నష్టం.

2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చేసరికి లీక్‌లు చాలా పూడ్చారు. ఒక్కరోజులో 80 లక్షల డౌన్‌లోడ్‌లతో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. కానీ అదే ఏడాది సెప్టెంబరు 2న గూగుల్ క్రోమ్ వచ్చి లెక్క మొత్తం మార్చేసింది.

అప్పటిదాకా బ్రౌజర్లన్నీ ఉమ్మడి కుటుంబాలు. ట్యాబ్‌లన్నీ ఒకే ప్రాసెస్‌లో. ఒక పేజీ కూలితే బ్రౌజర్ మొత్తం కూలేది, సగం నింపిన అప్లికేషన్‌తో సహా. క్రోమ్ ఎవరి కాపురం వాళ్లకి వేరుగా పెట్టింది. ఒక ఇంట్లో నిప్పంటుకున్నా పక్కిల్లు కాలదు. మరి వేరు కాపురం అంటే ప్రతి ఇంటికీ ఒక పొయ్యి, ఒక రోలు, ఒక చీపురు కావాలి కదా. ఉమ్మడిగా ఉన్నప్పుడు ఒకటే సరిపోయేది. ఈ సంగతి గూగుల్ దాచలేదు. క్రోమ్ గురించి చెప్పడానికి స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడితో ఒక బొమ్మల కథ గీయించింది. మొదట్లో మెమరీ కొంచెం ఎక్కువ పడుతుందని అందులోనే ఉంది. దానికి బదులుగా ట్యాబ్ మూసినప్పుడు ఆ ప్రాసెస్ మొత్తం పోతుంది కాబట్టి, కారిన చుక్కతో సహా అంతా వెనక్కి వస్తుందని చెప్పారు. మంచి బేరమే. కానీ ఆ బేరం కుదిరింది ర్యామ్ ఎక్కువున్న వాళ్ల బల్లల మీద అని నా అభిప్రాయం.

ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం 2011ది. ఆ ఏడాది జూన్‌లో మొజిల్లాలో నికొలస్ నెథర్‌కోట్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు మెమ్‌ష్రింక్ అనే పని మొదలుపెట్టాడు. కొత్త మాయ ఏమీ లేదు. ముందు కొలవాలి అన్నాడు. బ్రౌజర్ అడ్రస్ పట్టీలో ఇంగ్లీషులో అబౌట్, కోలన్, మెమరీ అని కొడితే ఏది ఎంత తింటుందో చూపించే పేజీని బాగుచేశారు. క్రమం తప్పకుండా కూర్చుని, వచ్చిన ఫిర్యాదులని ఏది ముందు ఏది తర్వాత అని వరస పెట్టారు. సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్ 7 వచ్చింది, మెమరీ వాడకం 20 నుంచి 50 శాతం దాకా తగ్గిందని మొజిల్లా ప్రకటించింది.

కొలిస్తే ఇంకో నిజం తేలింది. చాలా లీక్‌లు బ్రౌజర్‌వి కావు, జనం తగిలించుకున్న యాడ్-ఆన్‌లవి. మూసేసిన పేజీని అవి వదలకుండా పట్టుకుని కూర్చునేవి. వేల యాడ్-ఆన్‌లు రాసినవాళ్లని ఒక్కొక్కరినీ బతిమాలే బదులు, ట్యాబ్ మూయగానే ఆ పట్టు బలవంతంగా తెంచేసే మార్పు కైల్ హ్యూయీ అనే ఆయన రాశాడు. అది 2012 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ 15తో అందరికీ చేరింది. 2014లో నెథర్‌కోటే ఇంకో సంగతి బయటపెట్టాడు. ప్రకటనలు ఆపి బరువు తగ్గిస్తుందని అందరూ వేసుకున్న యాడ్‌బ్లాక్ ప్లస్, తనే 60, 70 ఎంబీ తింటోంది. పైగా పేజీలోని ఒక్కో ఫ్రేముకి దాదాపు 4 ఎంబీ అదనం. తర్వాతి ఏడాది ఫైర్‌ఫాక్స్ 41లో దీన్ని చాలావరకు సరిచేశారు. బరువు దించడానికి పెట్టిన కూలీయే బండెక్కి కూర్చున్నట్టుంది కదా!

ఈ కథకి మన ఊళ్లతో కూడా సంబంధం ఉంది. అదే ఫైర్‌ఫాక్స్ ఇంజిన్‌తో మొజిల్లా ఫోన్ల కోసం ఫైర్‌ఫాక్స్ ఓఎస్ చేసింది. 2014 ఆగస్టులో మన దేశంలో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ పేరుతో 1,999 రూపాయలకి అమ్మిన ఫోన్‌లో ర్యామ్ 128 ఎంబీ మాత్రమే. ఆ ఫోన్ నెమ్మదే, ఎక్కువ కాలం నిలబడలేదు. కానీ ఆ ఓఎస్ నుంచే కైఓఎస్ పుట్టింది, కైఓఎస్‌తోనే 2017లో జియో ఫోన్ వచ్చింది, 512 ఎంబీ ర్యామ్‌తో. గూడెంలో, తండాలో నెట్ చూడటం ఆ ఫోన్‌తోనే మొదలుపెట్టినవాళ్లు ఇది చదివేవాళ్లలో కూడా ఉంటారు. వాళ్లకి అంత చిన్న ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం వెనక మెమ్‌ష్రింక్ లాంటి పొదుపు కూడా ఉంది. తలుచుకుంటే తగ్గించొచ్చు అనడానికి ఇదే సాక్ష్యం.

ఇప్పుడు 2018కి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది. జనవరి మొదటి వారంలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. అది బ్రౌజర్‌లోది కాదు, ప్రాసెసర్ పనిచేసే తీరులోనే ఉంది. ఒకే ప్రాసెస్‌లో రెండు వెబ్‌సైట్లు ఉంటే, దొంగ సైటు పక్క సైటు మెమరీలో ఉన్న పాస్‌వర్డ్ లాంటివి ఊహించి లాగే అవకాశం ఉందని తేలింది. దానికి క్రోమ్ చూపిన దారి సైట్ ఐసొలేషన్. ట్యాబ్‌కి ఒకటి అని ఊరుకోకుండా, ఒకే పేజీలో వేర్వేరు సైట్ల ముక్కలు ఉన్నా వాటిని కూడా విడదీసి వేర్వేరు ప్రాసెస్‌లలో పెట్టడం. 2018లో క్రోమ్ 67తో కంప్యూటర్లలో దాదాపు అందరికీ ఇది వచ్చింది. మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ తనే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ ఫిషన్ అనే పేరుతో ఇదే పని 2021లో పూర్తిచేసింది. దానికి ముందు ఒక్కో ప్రాసెస్ సొంత బరువు తగ్గించడానికే చాలా కాలం కష్టపడ్డారు.

ఫోన్ల సంగతి చూడండి. 2019లో ఆండ్రాయిడ్ క్రోమ్‌కి ఈ రక్షణ ఇచ్చినప్పుడు, కనీసం 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లకే ఇచ్చారు. అదీ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే సైట్లకే. దాని వెనక కారణం అర్థమవుతుంది, చిన్న ఫోన్ అంత బరువు మోయలేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. అప్పట్లో 1 జీబీ ఫోన్ ఎవరి చేతుల్లో ఉంది? స్కాలర్‌షిప్ డబ్బులు ఏ ఫోన్‌లో చూసుకున్నారు? ర్యామ్ అంటే వేగం మాత్రమే అనుకుంటాం. 2018 తర్వాత అది భద్రత కూడా అయింది, ఆ భద్రత కొనుక్కోగలిగిన వాళ్లకే ముందు చేరింది.

అందుకే నెట్‌లో తిరిగే ఒక చిట్కా చూస్తే నాకు కోపం వస్తుంది. "క్రోమ్ ఫ్లాగ్స్‌లోకి వెళ్లి సైట్ ఐసొలేషన్ ఆపేయండి, ర్యామ్ మిగులుతుంది" అని. మిగులుతుంది, నిజమే. తలుపు తీసి కట్టెల కింద వాడితే పొయ్యి కూడా మండుతుంది. ఈపాస్, బ్యాంకు, మెయిల్ అన్నీ చూసుకునే సిస్టమ్‌లో దాని జోలికి పోకండి.

ర్యామ్ పెంచుతామనే సాఫ్ట్‌వేర్ల చరిత్ర కూడా పాతదే. 1995లో సింక్రోనిస్ అనే కంపెనీ సాఫ్ట్‌ర్యామ్95 అమ్మింది, మెమరీ రెట్టింపు అవుతుందని చెప్పి. లక్షల కాపీలు పోయాయి. అది ర్యామ్‌ని ఏమాత్రం పెంచట్లేదని 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. ఇంకోటి మొన్నటిది. వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ నిజంగా మంచిదే, 20 లక్షల మందికి పైగా వాడారు. 2020లో దాన్ని రాసినాయన వేరేవాళ్లకి అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. ఉచితంగా వచ్చిన ఎక్స్‌టెన్షన్ ఎవరి చేతికి మారిందో మనకి చెప్పేవాళ్లు ఉండరు.

పైగా ఇప్పుడు ఆ అవసరమే లేదు. ట్యాబ్‌ని నిద్రపుచ్చే పని బ్రౌజర్లే నేర్చుకున్నాయి. క్రోమ్ 2015 నుంచే మెమరీ బాగా తగ్గినప్పుడు పాత ట్యాబ్‌లని వదిలేయడం మొదలుపెట్టింది. 2021 జనవరిలో ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్, అదే ఏడాది అక్టోబరులో విండోస్ మీద ఫైర్‌ఫాక్స్ 93లో అలాంటిదే, 2022 చివర్లో క్రోమ్‌లో మెమరీ సేవర్ వచ్చాయి. ఈ చివరిదానితో 30 శాతం దాకా తగ్గుతుందని గూగుల్ మాట. భద్రత జోలికి పోకుండా తగ్గిస్తుంది కాబట్టి 4 జీబీ వాళ్లు ముందు దీన్ని ఆన్ చేసుకోవాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట ఉంటుంది.

మిగిలింది పేజీల బరువు. హెచ్‌టీటీపీ ఆర్కైవ్ కొలతల్లో 2010 చివర కంప్యూటర్‌లో తెరిచే నడిమి రకం పేజీ 500 కేబీ లోపు ఉండేది. ఇప్పుడు 2 ఎంబీ దాటింది. పెరిగినదాంట్లో మనం చదివే అక్షరాలు చాలా తక్కువ. బొమ్మలు, స్క్రిప్టులు, ప్రకటనలే ఎక్కువ. దీని మీద మన చేతిలో ఉన్నది కొంతే. ఒక మంచి యాడ్ బ్లాకర్ ఉంచి, మిగతా ఎక్స్‌టెన్షన్లు తీసేస్తే చాలావరకు తేలికపడుతుంది.

నెథర్‌కోట్ చేసిన పని ఇంట్లో మనమూ చేయొచ్చు, ముందు కొలవడం. క్రోమ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ అన్న చోట నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. చాలాసార్లు అక్కడ కనిపించేది మనం చూస్తున్న పేజీ కాదు, వెనకెక్కడో మర్చిపోయిన వీడియో ట్యాబో, ఎప్పుడో వేసిన ఎక్స్‌టెన్షనో అయ్యుంటుంది. దాన్ని మూసి మళ్లీ చూడండి.

కౌన్సెలింగ్ రోజున ఇంకో జాగ్రత్త. మెమరీ సేవర్ నిద్రపుచ్చిన ట్యాబ్ తిరిగి తెరిస్తే పేజీ మళ్లీ మొదటినుంచి లోడ్ అవుతుంది. సగం నింపిన ఫారం ఉన్న ట్యాబ్‌ని వదిలేయకుండా క్రోమ్ చూస్తుంది గానీ, మనం దాని మీదే ఆధారపడక్కర్లేదు. అదే పెర్ఫార్మెన్స్ సెట్టింగ్‌లో కొన్ని సైట్లు ఎప్పుడూ మెలకువగా ఉండేలా జాబితా పెట్టుకోవచ్చు. వెబ్ ఆప్షన్ల సైటు, ఈపాస్ ముందురోజే అందులో చేర్చండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇరవై కాలేజీలు పెట్టగానే ఒకసారి సేవ్ కొట్టండి, అన్నీ అయ్యాక ఒకేసారి కొడదామని ఆగకండి.