ఒక్క పేరాకు జవాబు

ఒకొంక్వో ఉరి వేసుకున్నాడు. శవాన్ని దించమని జవాన్లకు చెప్పి వెనుదిరిగిన ఇంగ్లీషు జిల్లా కమిషనర్, తన పుస్తకంలో ఇతనికి అధ్యాయం అక్కర్లేదు, పేరా చాలు అనుకుంటాడు. చినువా అచెబే 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) అక్కడితో ముగుస్తుంది. నవలంతా ఆ పేరాకు జవాబేనని నాకనిపిస్తుంది.

అయితే అచెబే పుట్టిన నైజీరియా ఇగ్బో జాతి నవల అతనితో మొదలు కాలేదు. 1933లోనే పీటా న్వానా 'ఒమెనుకో'ను ఇగ్బో భాషలో రాశాడు. సరుకు ఏటిపాలు కాగానే తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లను బానిసలుగా అమ్ముకున్న వర్తకుడి కథ అది. పరాయి ఊరికి పారిపోయిన అతగాడే అక్కడ తెల్లవాళ్ల దయతో పెద్దమనిషి అవుతాడు.

ఈ పెద్దరికం సంగతి చెప్పుకోవాలి. చాలా ఇగ్బో ఊళ్లకు అప్పట్లో రాజు ఉండేవాడు కాదు. ఊరంతా కూడి తేల్చుకునేది. స్థానికుల చేతనే పాలన నడిపించాలనుకున్న ఇంగ్లీషువాళ్లకు మాత్రం రాజు కావాలి. లేనిచోట కాగితమిచ్చి తయారుచేశారు. వీళ్లే వారెంట్ చీఫ్‌లు. 1929లో ఆడవాళ్ల మీదా పన్ను వేస్తారన్న అనుమానంతో రేగిన స్త్రీల తిరుగుబాటు వీళ్లనూ వదల్లేదు.

అచెబే మూడో నవల 'యారో ఆఫ్ గాడ్' (1964) నడిచేది ఈ కాగితం చుట్టూనే. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇదే గట్టి నవల. ఉలు దేవుడి పూజారి ఎజెయులు వారెంట్ చీఫ్ పదవి వద్దంటాడు, నిర్బంధంలో పెడతారు. నెలపొడుపుకొక పవిత్ర పెండలం తినాల్సినవాడు రెండు నెలలు తినలేకపోయాడు. ఆ రెండూ తినేదాకా కొత్త పెండలాల పండుగ చాటనని ఇంటికొచ్చి భీష్మించుకున్నాడు. పండుగ చాటందే తవ్వకూడదు. పంట నేలలోనే పాడవుతోంది. మా దేవుడికి కానుక ఇచ్చి తవ్వుకోండంది చర్చి. ఆకలి మీదున్న ఊరు అటు నడిచింది. తుపాకీ పేలలేదు. ఊరి మీద పగతో పూజారి పట్టిన పట్టే ఆ పని చేసింది.

అచెబే ఈ రెండు నవలల్లోనూ ఆడవాళ్లది వెనకవరసే. 1966లో ఫ్లోరా న్వాపా 'ఎఫురు'తో ఆ వరస మార్చింది. పిల్లలు నిలవని ఎఫురు వ్యాపారంలో నిలబడుతుంది, కొలను దేవతను కొలుస్తుంది. సంతాన సుఖం ఎరుగని ఆ దేవతను స్త్రీలెందుకు కొలుస్తారన్న ప్రశ్నతో నవల ఆగుతుంది. ఆ మాటల్లోంచే బుచి ఎమెచెటా తన 1979 నవలకు 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' అని పేరు పెట్టుకుంది. అందులో న్ను ఎగో బిడ్డల కోసమే లాగోస్‌లో బతుకంతా అరగదీసి, చివరికి దారిపక్కన ఒంటరిగా చనిపోతుంది. పోయాక గుడి కట్టారు. సంతానం కోసం మొక్కినవాళ్లకు ఆమె వరమివ్వదు.