ఆ వరుసలో నేనూ ఉండాలని

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. టీవీలో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్. ఎరుపు, తెలుపు చారల చొక్కాల్లో సౌతాంప్టన్ ఆటగాళ్లు మైదానంలోకి దిగారు. గ్యాలరీలో ఒక మూల నుంచి పాట లేచింది. మొదట ఒక్కో మాటనూ సాగదీస్తూ, బాగా నెమ్మదిగా. తర్వాత చప్పట్లు కలిశాయి, నడక పెరిగింది, కాసేపటికి స్టేడియమంతా అందుకుంది. నేను ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాణ్ణి కాను. పాయింట్ల పట్టిక కూడా ఎప్పుడో గానీ చూడను. అయినా ఆ పాట చెవిన పడగానే లేచి సౌండ్ పెంచాను. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న పాట అది: ‘వెన్ ద సెయింట్స్ గో మార్చింగ్ ఇన్’.

ఈ పాట అమెరికా దక్షిణాది నల్లజాతి చర్చిల్లో పుట్టింది. మన జానపదాల్లాగే ఇది ఒకరు కూర్చుని రాసింది కాదు, పదిమంది నోళ్లలో పెరిగింది. ఒకరు పాడితే మిగతావాళ్లు భజనలోలా అందుకుంటారు. సూర్యుడు వెలుగు తప్పడం, చంద్రుడు రక్తంలా మారడం, బూర మోగడం లాంటి చరణాలన్నీ బైబిల్లో ప్రకటన గ్రంథం నుంచి వచ్చిన దృశ్యాలే. అంత్యదినాన పరిశుద్ధులు బారులు తీరి నడిచే వేళ, ఆ లెక్కలో నన్నూ చేర్చు ప్రభువా అన్నదే పాట మొత్తం చేసే వేడుకోలు.

ఆ ‘లెక్క’ దగ్గరే నా మనసు ఆగిపోతుంది. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం, ప్రతినిధుల సంఖ్య తేల్చడానికి జనాభాను లెక్కించేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురిగా కట్టింది. యజమానుల ఖాతా పుస్తకాల్లో వాళ్లు పశువుల పక్కన, పనిముట్ల పక్కన ఒక పద్దు. అలాంటి లెక్కల కింద నలిగిన జనం బిడ్డలు, దేవుడి లెక్కలోనైనా మమ్మల్ని నిండు మనుషులుగా రాసుకో అని అడిగారు. అందుకే దీన్ని ఉత్త హుషారు పాట అనుకోలేను.

1896లో ఇంచుమించు ఇదే పేరుతో ఒక సువార్త గీతం అచ్చయింది. మాటలు కేథరీన్ పర్విస్‌వి, బాణీ జేమ్స్ మిల్టన్ బ్లాక్‌ది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నిజానికి అది వేరు, ఇది వేరు. మన పాట 1923లో పారమౌంట్ జూబిలీ సింగర్స్ గొంతులతో రికార్డుకెక్కింది.

అయితే దానికి రెక్కలు తొడిగింది న్యూ ఆర్లీన్స్ నగరం. మన ఊళ్లలో పాడె ముందు డప్పులు నడిచినట్టే, అక్కడ శవపేటికతో పాటు బ్రాస్ బ్యాండు నడుస్తుంది. శ్మశానానికి వెళ్లేటప్పుడు అడుగులో అడుగు వేస్తూ బరువైన కీర్తనలు వాయిస్తారు. డ్రమ్ము మోత అణిగి ఉండాలని దాని అడుగున ఉండే తీగెల కింద చేతిరుమాలు దోపుతారు. ఖననం ముగిసి, సమాధులు దాటి కాస్త దూరం వచ్చాక ఆ రుమాలు లాగేస్తారు. డ్రమ్ము ఒక్కసారిగా గలగలమంటుంది, బాకాలు పైకి లేస్తాయి, వెనకాల వచ్చే జనం గొడుగులు ఊపుతూ చిందేస్తారు. ఏ పాట నెమ్మదిగా ఏడిపించిందో, ఆ పాటే ఇప్పుడు ఆడిస్తుంది. పోయినవాడు దేవుడి దగ్గరికి చేరాడన్న నమ్మకం లేకపోతే ఆ తిరుగు నడకకు అర్థం లేదు. మా తాతయ్య పెట్టె వెంట కీర్తనలు పాడుకుంటూ సమాధుల తోటకు నడిచిన రోజు నాకూ గుర్తుంది. తిరిగి వస్తున్నప్పుడు మా అమ్మమ్మే ముందుగా గొంతెత్తింది.

ఆ వీధుల్లోనే పెరిగిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938 మే 13న ఈ పాటను జాజ్‌గా రికార్డు చేశాడు. పాస్టరు సంఘాన్ని పలకరించినట్టు మొదలుపెట్టి, ట్రాంబోన్ వాయించే హిగిన్‌బాథమ్‌ను చర్చి నడవలోంచి నడిచొచ్చే సహోదరుడిలా పరిచయం చేస్తాడు. గుడిలో పాటను ఇలా బయట వాయించడం తగదని ఆయన చెల్లెలే నొచ్చుకుంది. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ రికార్డే లేకపోతే ఈ పాట ప్రపంచానికి ఇంతగా తెలిసేది కాదు.

ఇక ఫుట్‌బాల్ సంగతి. సౌతాంప్టన్ క్లబ్బు 1885 నవంబర్ 21న సెయింట్ మేరీస్ చర్చి యువజన సంఘంలో పుట్టింది. అందుకే దాని ముద్దుపేరు సెయింట్స్. ఎవర్టన్, ఆస్టన్ విల్లా లాంటి పెద్ద క్లబ్బులకూ ఇలాగే చర్చి వాకిళ్లలోనే పురుడు పోశారు. నన్ను కదిలించే విషయం ఇంకొకటుంది. ఆ రోజుల్లో సెయింట్ మేరీస్ చర్చికి పెద్దగా ఉన్న బాసిల్ విల్బర్‌ఫోర్స్, బానిస వ్యాపారం రద్దు కోసం బ్రిటన్ పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్‌కు మనవడు. బానిసల సంతతి పాడుకున్న పాట, సముద్రం దాటి ఆయన చర్చి పిల్లల జట్టుకే జెండా పాట అయింది. 1976లో రెండో డివిజన్ జట్టుగా ఉంటూనే సౌతాంప్టన్ ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్‌ను బాబీ స్టోక్స్ కొట్టిన ఒక్క గోలుతో ఓడించింది. 2001లో పాత మైదానం ‘ద డెల్’ వదిలి, పుట్టిన చర్చికి దగ్గర్లోనే కట్టుకున్న కొత్త స్టేడియానికి సెయింట్ మేరీస్ అనే పేరు పెట్టుకుంది.

పాట పెరిగిన ఊరికీ ఒక జట్టు ఉంది. కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అది. 1966 నవంబర్ 1న, సరిగ్గా సకల పరిశుద్ధుల పండుగ నాడు న్యూ ఆర్లీన్స్‌కు జట్టు మంజూరైంది. దానికీ సెయింట్స్ అనే పేరు పెట్టారు. 2005లో కత్రినా తుపాను నగరాన్ని ముంచినప్పుడు వేలమంది తలదాచుకున్నది ఆ జట్టు ఆడే సూపర్‌డోమ్‌లోనే. 2006 సెప్టెంబర్ 25న మళ్లీ అక్కడ ఆట జరిగింది. ఇళ్లు పోయినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు వచ్చి కూర్చున్నారు. శ్మశానం నుంచి తిరిగొచ్చే నడకను ఆ రోజు ఒక ఊరు ఊరంతా నడిచిందని నాకనిపిస్తుంది.

2024–25 సీజన్‌లో సౌతాంప్టన్ 38 మ్యాచుల్లో గెలిచింది రెండే. 12 పాయింట్లతో అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కు జారిపోయింది. పాట మాత్రం జారిపోలేదు. అసలు ఆ పాటలో గెలిపించమన్న మాటే లేదు. వాళ్లు నడిచేటప్పుడు నన్ను వదిలి వెళ్లకు అన్న ఒక్క కోరికే ఉంది. ఆదివారం ఉదయం చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని నేను అడిగేదీ అదే.