కరువు పని - 3: ఆకలికి పెట్టిన పరీక్ష



మా నల్లమాడ దిక్కు ఉపాధి హామీ పనిని ఎవరూ ఆ పేరుతో పిలవరు. "కరువు పనికి పోతాండాం" అంటారు. మా అమ్మా అంతే. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నాకే ఈ మాట వెనకున్న చరిత్ర చాలా ఆలస్యంగా తట్టింది.

1876-78 నాటి ధాత కరువు దగ్గరికి పోదాం. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్లారి నుంచి విడదీసి చేశారు. వానలు పోయాయి, గింజల ధరలు కొండెక్కాయి. పొలం లేని మాల మాదిగలకు, మగ్గం ఆగిన నేతగాళ్లకు కూలే దిక్కు. సర్కారు రోడ్లు, చెరువులు, కాలువల పనులు పెట్టింది. మద్రాసు తీరంలోని బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీల చేతుల మీద తవ్విందే.

పనులు పెట్టిన సర్కారుకు ఒక భయం ఉండేది: ఆకలి లేనివాడు వచ్చి తింటాడేమో! 1877 మొదట్లో వైస్రాయ్ లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. 1873-74 బీహారు కరువులో ఇదే మనిషి బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు దుబారా మనిషి అని తిట్లు తిన్నాడు. ఆ మచ్చ ఇక్కడ కడుక్కున్నాడు, మన కడుపుల మీద.

మొదటి పరీక్ష దూరం. ఒంట్లో సత్తువున్నవాళ్లకు ఇంటికి పది మైళ్ల లోపల పని ఇవ్వరు. నిజంగా ఆకలైతే నడిచి వస్తాడని లెక్క. రెండో పరీక్ష కూలి. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. అంత తక్కువకు రాళ్లు కొట్టడానికి ఒప్పుకున్నవాడే నిజమైన ఆకలిగొన్నవాడు!

ఆ సర్కారులోనే ఒకరు ఎదురు తిరిగారు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, కష్టం చేసే ఒంటికి కనీసం ఒకటిన్నర పౌను గింజలు, పైన పప్పు, కూరగాయలు కావాలని వాదించాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ఒకటింపావు పౌనుకు పెంచి, కాస్త పప్పు కలిపింది. అప్పటికే ఎందరో రాలిపోయారు. ఒక్క బ్రిటిష్ ఏలుబడి ప్రాంతాల్లోనే యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా.

తర్వాత వచ్చిన కరువు నిబంధనలు ఈ జల్లెడను పద్ధతిగా రాసిపెట్టాయి. అందులో ఒక తేడా చూడండి. ఘోషా పాటించే 'మర్యాదస్థుల' ఇంటి ఆడవాళ్లకు గడప దాటకుండానే సాయం అందే ఏర్పాటు ఉంది. మా అవ్వల్లాంటి వాళ్లకు గడప లోపలి మర్యాద ఎవరిచ్చారు? వాళ్ల ఆకలికి సాక్ష్యం సమ్మెట దెబ్బే.

ఇప్పుడు 2006 ఫిబ్రవరి 2కు రండి. అప్పటి మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. 2005 నాటి ఆ చట్టం పరీక్షను తలకిందులు చేసింది. నువ్వు బీదవాడివేనా అని అడగలేదు. అడిగిన 15 రోజుల్లో పని చూపాలి, చూపకపోతే భృతి ఇవ్వాలి. ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు పని దొరక్కపోతే కూలి పది శాతం పెంచాలి. పది మైళ్లు నడిపించిన రాజ్యం, దూరానికి తనే జరిమానా కట్టేలా రాసుకున్న చట్టం అది. రుజువు చూపే బరువు కూలీ భుజం మీది నుంచి సర్కారు భుజం మీదికి మారింది.

ఆ బరువు మళ్లీ ఎటు జరుగుతోందో గమనించండి. 2023 జనవరి 1 నుంచి పనికాడ రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి చేశారు. ఒకరోజు సిగ్నల్ లేక ఫొటో ఎక్కలేదు. గుంత తవ్వి ఇంటికొచ్చిన అమ్మ అడిగింది: "నేను తవ్వింది గుంతకు తెలుసు, సెల్లుకు తెలీదా నాయనా?"

నా దగ్గర జవాబు లేదు. మీలో చదువుకుంటున్న పిల్లలు ఈసారి ఊరికి పోయినప్పుడు మస్టర్ అడిగి చూడండి. తవ్వినవాళ్ల పేర్లు అందులో ఉన్నాయో లేవో చదివి వినిపించండి. ధాత కరువులో మనవాళ్లకు ఆ కాగితం చదివి చెప్పేవాడు లేడు. ఇప్పుడు మీరున్నారు.

జై భీమ్.