పరుగు బూట్ల ఎంపిక, మార్పిడి: సాధనకు ఏవి? పందేనికి ఏవి?

సూళ్లూరుపేట, తడ, సత్యవేడు, నగరి, ఊత్తుకోట, గుమ్మిడిపూండి ప్రాంతాల యువతీయువకులలో అనేకులకు పరుగు జీవనోపాధికి సంబంధించిన విద్య. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి పోలీసు కానిస్టేబుల్ ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాలలోను, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలోను పూర్తి చేయవలసి ఉండింది. తమిళనాడు పోలీసు ఎంపికలలో పురుషులకు 1500 మీటర్లకు 7 నిమిషాల గడువు విధిస్తూ వచ్చారు. ఇవి గాక చెన్నై నగరంలో ఏటా జరిగే మారథాన్‌లో 10 కిలోమీటర్లు, 21 కిలోమీటర్లు పరుగెత్తడానికి మన పల్లెల నుండి వెళ్లేవారు కూడా ఉన్నారు.

ఇటువంటి పరీక్షకు ముందు కుటుంబాలు చేసే ఖర్చులలో బూట్లు ప్రధానమైనవి. నెలల తరబడి చిరిగిన కాన్వాసు బూట్లతో సాధన చేసిన బిడ్డకు, పరీక్షకు రెండు రోజుల ముందు చెన్నై తీసుకువెళ్లి ఖరీదైన కొత్త జత కొనిపెట్టడం మన ఊళ్లలో తరచుగా జరిగే విషయం. ప్రేమతో చేసిన ఈ పని వలన మేలు కంటె కీడే ఎక్కువ కావచ్చును. బూట్లను ఎట్లా ఎంచుకోవాలి, పాతవాటి నుండి కొత్తవాటికి ఎట్లా మారాలి, సాధనకు వేరుగా, పందేనికి వేరుగా రెండు జతలు అవసరమా అన్న అంశాలను ఈ వ్యాసంలో వరుసగా పరిశీలిద్దాము.

పాదం కొలత

సాయంకాలానికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది. పరుగులోనూ అంతే. కనుక బూట్లు కొనడానికి సాయంకాలమే తగిన సమయం. ఇంటి వద్దనే కొలత తీసుకుని వెళ్లడం ఉత్తమం. గోడకు మడమ ఆనించి కాగితంపై నిలబడాలి. అన్నింటికంటె పొడవైన వేలి కొన వద్ద గీత గీసి, మడమ నుండి అక్కడికి సెంటీమీటర్లలో కొలవాలి. కొందరికి బొటనవేలి కంటె పక్క వేలు పొడవుగా ఉంటుంది. రెండు పాదాలు సమానంగా లేకపోతే పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

బూటు నాలుక లోపలి చీటీపై ఒకే కొలతను పలు దేశాల పద్ధతులలో ముద్రిస్తారు. మన దుకాణాలలో సాధారణంగా బ్రిటిష్ కొలత అయిన యూకే సంఖ్యనే అడుగుతారు. అమెరికా సంఖ్యను చూసి యూకే సంఖ్య అనుకుంటే జత చిన్నదైపోతుంది. ఒక కంపెనీ 8వ నంబరు మరొక కంపెనీ 8వ నంబరుతో సరిపోదు కనుక తొడిగి చూడటం తప్పనిసరి. పరుగులో వేసుకునే మేజోళ్లతోనే తొడగాలి. నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వేళ్లు విప్పారడానికి చోటుండాలి, మడమ మాత్రం జారకూడదు. కొద్దిగా జారుతుంటే పైనున్న అదనపు రంధ్రం గుండా లేసు దూర్చి బిగించి చూడవచ్చును.

చిన్ననాట ఎక్కువగా చెప్పులు లేకుండా తిరిగినవారి పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉండటం సహజం. అటువంటివారు పొడవు పెంచి కొనకుండా, వెడల్పు రకం అడిగి తీసుకోవాలి. ఆడపిల్లల నమూనాలు సాధారణంగా ఇరుకుగా ఉంటాయి. వెడల్పు పాదం గల అమ్మాయి మగవారి నమూనాలో తన కొలత ఎంచుకోవడంలో తప్పు లేదు. అన్న వాడి విడిచిన బూట్లను చెల్లెలికి ఇవ్వడం మాత్రం పొదుపు కాదు. లోపలి మెత్తని పొర అప్పటికే అన్న అడుగుకు తగినట్లు అణగి ఉంటుంది.

పాదపు వంపు, మడమ ఎత్తు

చదును పాదానికి ఒక రకం, ఎత్తు వంపు పాదానికి మరొక రకం కొనాలని అమ్మకందారులు చెప్పడం పరిపాటి. ఈ విషయాన్ని అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాల శిక్షణార్థులపై పరీక్షించారు. 2009, 2010 సంవత్సరాలలో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పాదపు వంపును చూసి బూట్లు ఇచ్చినవారికి, అందరికీ ఒకే రకం ఇచ్చినవారికి మధ్య గాయాల విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కనుక సామాన్య ఆరోగ్యం గల యువకుడు తొడిగి, నాలుగు అడుగులు పరుగెత్తి, హాయిగా తోచిన జతను ఎంచుకోవచ్చును. అదనపు సాంకేతికత కోసం ఎక్కువ ధర చెల్లించనవసరం లేదు.

తప్పక గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. బూటులో మడమ కింది పొర మందానికి, ముందు పాదం కింది పొర మందానికి ఉన్న తేడాను దుకాణాలలో డ్రాప్ అంటారు. ఇది 10 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి, 4 మిల్లీమీటర్లు ఉన్నవి, అసలు తేడా లేనివి కూడా అమ్ముతారు. ఎత్తు మడమకు అలవాటుపడిన కాలిని ఒక్కసారిగా తక్కువ మడమకు మారిస్తే పిక్క కండరంపైన, పిక్కను మడమకు కలిపే స్నాయువుపైన భారం పెరుగుతుంది. బూట్లు మార్చిన మొదటి వారాలలో పిక్కలు పట్టేయడానికి ఇదొక ముఖ్య కారణం.

సాధన జత, పందెపు జత

సాధన బూట్లు మందంగా, గట్టిగా, ఎక్కువ కాలం మన్నేటట్లు తయారవుతాయి. పందెపు బూట్లు తేలికగా ఉంటాయి, త్వరగా అరుగుతాయి. ఒక్కొక్క బూటు బరువులో 100 గ్రాముల తేడాకు పరుగులో ఖర్చయ్యే శక్తి సుమారు 1 శాతం మారుతుందని పరిశోధనలు తెలిపాయి. 8 నిమిషాల పరుగులో 1 శాతం అంటే 5 సెకన్ల లోపే. మొదటి చుట్టు ఆవేశంతో పరుగెత్తి చివరి చుట్టులో నడిచే అభ్యర్థి అంతకు ఎన్నో రెట్లు నష్టపోతాడు. కనుక 1600 మీటర్ల పరీక్షకు సిద్ధమయ్యే వారికి ప్రత్యేకంగా పందెపు బూట్లు అవసరం లేదు. మంచి సాధన బూట్లే చాలు.

2017 నుండి అంతర్జాతీయ మారథాన్లలో కార్బన్ పలక పొదిగిన మందపాటి బూట్లు వ్యాప్తిలోకి వచ్చాయి. వీటి ధర చాలా ఎక్కువ, మన్నిక తక్కువ. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో రోడ్డు పరుగు బూట్ల సోలు మందం 40 మిల్లీమీటర్లు మించరాదనీ, లోపల ఒక్క పలకకు మించి ఉండరాదనీ నియమం పెట్టింది. ట్రాక్ పోటీలకు 2024 నవంబరు 1 నుండి ఈ పరిమితి 20 మిల్లీమీటర్లు. చెన్నై పెరియమేటులోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వంటి సింథటిక్ ట్రాక్‌లపై ఈ నియమాలు వర్తించే పోటీలకు వెళ్లే క్రీడాకారులు, తమ మందపాటి రోడ్డు బూట్లు అక్కడ చెల్లకపోవచ్చునని గుర్తుంచుకోవాలి.

మేకుల బూట్లు, అనగా స్పైక్స్, పొట్టి దూరపు పరుగులలో ఉపయోగపడతాయి. ఉద్యోగ పరీక్షలో వాటిని అనుమతిస్తారా లేదా అన్నది ఆ ప్రకటనలో చదివి తెలుసుకోవాలి. నేల మట్టిదా, సింథటిక్‌దా అన్నది కూడా ముందే విచారించుకోవడం మంచిది.

రెండు జతలు ఎందుకు?

లక్సెంబర్గ్ దేశంలో 264 మంది పరుగెత్తేవారిని 22 వారాలపాటు గమనించిన ఒక అధ్యయనంలో, ఒకే జతతో పరుగెత్తినవారి కంటె వేర్వేరు జతలను మార్చి మార్చి వాడినవారికి గాయాల ప్రమాదం 39 శాతం తక్కువగా కనిపించింది. ఒక్కొక్క జత కాలిపై ఒక్కొక్క విధంగా భారం మోపడం వలన ఒకే చోట ఒత్తిడి పేరుకోదని పరిశోధకులు భావించారు.

మన ప్రాంతానికి మరొక కారణం కూడా ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో చెన్నై మారథాన్ జనవరిలో జరుగుతున్నది. దానికి సాధన చేయవలసిన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు ఈశాన్య ఋతుపవనాల కాలం. ఉదయం తడిసిన జత మరునాటి ఉదయానికి ఆరదు. తడి బూట్లతో పరుగెత్తితే బొబ్బలు, వేళ్ల సందుల్లో ఒరుపు తప్పవు. రెండవ జత ఉంటే సాధన ఆగదు. రెండూ ఒకేసారి కొనవలసిన పని లేదు. మొదటి జత సగం అరిగినప్పుడు రెండవది కొంటే ఖర్చు విడివిడిగా పడుతుంది, మార్పిడి కూడా సులభమవుతుంది.

తడిసిన బూట్లలోని లోపలి అట్టను తీసివేసి, వార్తాపత్రికల కాగితం కుక్కి, గంట రెండు గంటలకొకసారి కాగితం మార్చాలి. ఫ్యాను గాలిలో, నీడలో ఆరబెట్టాలి. పొయ్యి పక్కన, మండుటెండలో పెడితే జిగురు ఊడి సోలు విడిపోతుంది.

పాతది విడిచి కొత్తదానికి మారే క్రమం

మొదటి వారం: కొత్త జతతో ఒకే ఒక్కసారి, 10 లేక 15 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తాలి. తక్కిన రోజులు పాత జతే.
రెండవ వారం: కొత్త జతతో రెండుసార్లు, నెమ్మది పరుగులే.
మూడవ వారం: మూడుసార్లు. వాటిలో ఒకటి వేగ సాధన కావచ్చును.
నాలుగవ వారం: పరీక్ష దూరాన్ని పూర్తి వేగంతో ఒకసారి పరుగెత్తి చూడాలి.

మడమ ఎత్తులో ఎక్కువ తేడా ఉన్నా, చెప్పులు లేని పరుగు నుండి బూట్లకు మారుతున్నా ఈ క్రమాన్ని 6 నుండి 8 వారాలకు పొడిగించాలి. పిక్క ఎముకపై ఒకే చోట నొక్కితే నొప్పి కలిగినా, నడిచినప్పుడు కూడా ఆ నొప్పి ఉన్నా పరుగు ఆపి ఎముకల వైద్యునికి చూపించాలి. అది ఎముకలో సన్నని చీలికకు సూచన కావచ్చును. నొప్పి మాత్ర మింగి పరుగెత్తడం ప్రమాదకరం.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా, తనకు లభించిన బూట్లు పాదానికి సరిపడకపోవడంతో, తాను సాధన చేసిన విధంగానే వట్టి కాళ్లతో మారథాన్ పరుగెత్తి స్వర్ణపతకం గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు ధరించి మళ్లీ గెలిచాడు. మన దేశంలో శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పూర్తి చేసి నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచింది. ఆయన కూడా వట్టి కాళ్లతో పరుగెత్తడంలో ప్రసిద్ధుడు. అలవాటు లేనివారు వీరిని అనుకరించి తారురోడ్డుపై వట్టి కాళ్లతో దిగరాదు. వారిరువురూ తమ పాదాలు ఎరిగిన పద్ధతినే పోటీ నాడు పాటించారన్నది మనం గ్రహించవలసిన విషయం.

ఎప్పుడు మార్చాలి? ఎంత ఖర్చు పెట్టాలి?

సాధన జత సాధారణంగా 500 నుండి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. వారానికి 25 కిలోమీటర్లు పరుగెత్తేవారికి ఇది సుమారు 5 నుండి 8 నెలలు. కొన్న తేదీని లోపలి అట్ట మీద వ్రాసి ఉంచుకోవాలి. సోలు గీతలు చెరిగిపోవడం, బల్లపై నిలిపితే బూటు ఒక పక్కకు వాలడం, మెత్తని పొరపై ముడతలు పడి తిరిగి లేవకపోవడం అరుగుదలకు గుర్తులు. పైభాగం కొత్తదానివలె మెరుస్తున్నా లోపలి పొర చచ్చిపోయి ఉండవచ్చును. పరుగు బూట్లను పొలానికి, బజారుకు వాడకపోతే ఎక్కువ కాలం వస్తాయి.

2,400 రూపాయల జత 600 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 4 రూపాయలు పడుతుంది. 600 రూపాయల నకిలీ జత 100 కిలోమీటర్లకే విడిపోతే కిలోమీటరుకు 6 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుండి జత 2,500 రూపాయల వరకు ఉన్న పాదరక్షలపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. కనుక ఆ హద్దు లోపల వెదకడం లాభదాయకం. కంపెనీలు కొత్త నమూనా విడుదల చేసినప్పుడు పాత నమూనాను తగ్గింపు ధరకు ఇస్తాయి. పరుగుకు అది ఏ విధంగానూ తక్కువ కాదు.

పెద్ద కంపెనీ ముద్ర ఉండి ధర నమ్మశక్యం కానంత తక్కువగా ఉంటే అనుమానించాలి. రెండు బూట్ల చీటీలపై, డబ్బాపై ఉన్న నమూనా సంఖ్య ఒకటేనా చూడాలి. ఘాటైన జిగురు వాసన, వంచితే చెక్కవలె బిగుసుకునే సోలు నకిలీకి లక్షణాలు. రసీదు తప్పక తీసుకోవాలి. అడిడాస్ కంపెనీ బూట్లు మన తడ మండలం మాంబట్టులోని అపాచీ కర్మాగారంలోనే తయారవుతున్నాయి. కనుక విదేశీ సరుకైతేనే నాణ్యమన్న భ్రమ మనకు తగదు.

పరీక్ష తేదీ నుండి వెనుకకు లెక్క

పరీక్షకు 8 వారాల ముందు జత కొనాలి. 4 వారాల ముందు దానితో వేగ సాధన మొదలుపెట్టాలి. 2 వారాల ముందు, పరీక్ష జరిగే వేళలోనే, అదే మేజోళ్లతో, అదే లేసు ముడితో పూర్తి దూరం పరుగెత్తి చూడాలి. చివరి వారంలో ఏదీ మార్చకూడదు. ముందురోజు గోళ్లు పరిశీలించి, పెరిగి ఉంటే సమంగా కత్తిరించి, పొడి మేజోళ్లు మరొక జత సంచిలో పెట్టుకోవాలి. చెన్నైకి రైలులోనో బస్సులోనో వెళ్లేవారు ఈ బూట్లు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చెప్పులతో ప్రయాణం చేయడం మంచిది.

8 వారాల గడువు దాటిపోయి, పరీక్ష పది రోజులలోకి వచ్చినట్లయితే కొత్త జత కొనకండి. పాతవి చిరిగి ఉంటే కుట్టించి, కొత్త లేసులు కట్టి, వాటితోనే పంపండి. ఆ డబ్బు తదుపరి ప్రకటన నాటి సాధనకు ఉపయోగపడుతుంది.