కొత్తగా ట్రాక్టర్ నేర్చుకునేవారు స్టీరింగ్ పట్టే పద్ధతి

చెరకు నరుకుడు మొదలైతే అనకాపల్లి, చోడవరం దారుల్లో గడలు, బెల్లం దిమ్మలు వేసుకొచ్చే ట్రాక్టర్లు పెరుగుతాయి. వాటి మీద కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్లూ కనిపిస్తారు. క్లచ్, గేర్లు నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. స్టీరింగ్ గురించి మాత్రం ఎవరూ విడిగా చెప్పరు, తిప్పితే తిరుగుతుంది కదా అనుకుంటారు.

స్టీరింగ్‌ను గడియారం అనుకుంటే ఎడమ చేయి 9 దగ్గర, కుడి చేయి 3 దగ్గర ఉండాలి. బొటనవేళ్లను రింగు లోపలికి చుట్టకూడదు, రింగు మీదే ఆనించాలి. పవర్ స్టీరింగ్ లేని పాత బండిలో ముందు చక్రం గట్టుకో రాయికో తగిలితే స్టీరింగ్ ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. లోపల ఉన్న బొటనవేలు విరగవచ్చు. పవర్ స్టీరింగ్‌లో ఈ దెబ్బ తక్కువే, అయినా అదే అలవాటు మంచిది. కొందరు స్టీరింగ్‌కు గుండ్రటి పిడి బిగిస్తారు. దానితో ఒంటి చేత్తో నడిపే అలవాటు పడుతుంది కాబట్టి నేర్చుకునేవారికి వద్దంటాను.

మలుపుకు ముందే వేగం తగ్గించి, ఆ తర్వాతే తిప్పాలి. ట్రాక్టర్ ఎత్తైన బండి, వేగంలో ఒక్కసారిగా తిప్పితే పక్కకు పడిపోతుంది. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్‌ను బలవంతంగా తిప్పకండి. దున్నేటప్పుడు ముందు చక్రం వైపే చూస్తుంటే చాలు వంకర పోతుంది. ఎదుటి గట్టు మీద ఏ తాడిచెట్టునో గుర్తు పెట్టుకుని దాని వైపు నడపండి.

ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. దమ్ములో ఒక వైపు బ్రేకు తొక్కి చిన్న మడిలో కూడా తిరగవచ్చు. అదే రోడ్డు మీద వేగంగా వెళ్తూ ఒక్క పెడలే తొక్కితే బండి ఆ వైపుకు లాగేసి తిరగబడుతుంది, స్టీరింగ్ పట్టి ఆపలేరు. అందుకే పొలం నుంచి రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ లాచ్‌తో కలపాలి. ఇది మరిచిపోయి జాతీయ రహదారి ఎక్కకూడదు.

ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టి ఉంటేనే స్టీరింగ్ పనిచేస్తుంది. రెండు చక్రాల ట్రక్కులో బరువు ముందు వైపు ఎక్కువైతే ఆ భారం హుక్కు మీద పడి ట్రాక్టర్ ముందు భాగం తేలికవుతుంది. అలాంటి బండితో కాలువ గట్టు ఎక్కేటప్పుడు చక్రాలు గాలిలోకి లేస్తాయి. లేస్తున్నట్టు అనిపించగానే క్లచ్ తొక్కాలి. లోడు తగ్గించి, తక్కువ గేర్లో, క్లచ్ నెమ్మదిగా వదులుతూ ఎక్కితే ఈ ఇబ్బంది రాదు.

మలుపులో ట్రక్కు చక్రాలు ట్రాక్టర్ జాడలో రావు, లోపలికి కోసుకుంటాయి. తూముల దగ్గర కాస్త ముందుకు వెళ్లి తిప్పకపోతే ట్రక్కు కాలువలో దిగుతుంది. రివర్సులో ఒక చేతిని స్టీరింగ్ అడుగున, 6 దగ్గర పెట్టండి. ట్రక్కు ఎటు వెళ్లాలో ఆ చేతిని అటు జరపండి. కొద్దికొద్దిగా తిప్పాలి, ట్రక్కు మరీ మడత పడితే ముందుకు లాగి సరిచేసుకోవాలి. కోత అయిన ఆరు పొలంలో, ఖాళీ ట్రక్కుతో ముందుగా ఇది సాధన చేయండి.

స్టీరింగ్ వదులుగా ఆడుతున్నా, బండి ఒక పక్కకే లాగుతున్నా ముందు టైర్లలో గాలి చూసి, తగ్గకపోతే మెకానిక్‌తో టై రాడ్ జాయింట్లు చూపించండి.