మౌలాలి గుట్ట నుంచి మౌంట్ శాస్తా దాకా

"మీది ఇండియానా? అయితే లెమూరియా సంగతి మాకంటే మీకే బాగా తెలిసుండాలి" అందావిడ, చేతిలోని ఊదారంగు స్ఫటికాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ. కాలిఫోర్నియా ఉత్తరపు కొసన, మౌంట్ శాస్తా అనే చిన్న ఊళ్ళో, రాళ్ళూ అగరొత్తులూ అమ్మే దుకాణం అది. ఎప్పుడో సముద్రంలో మునిగిపోయిన లెమూరియా ఖండపు మనుషులు కొందరు ఎదురుగా కనిపించే కొండలోకి చేరుకున్నారట. లోపల టెలోస్ అనే నగరం కట్టుకుని ఇప్పటికీ ఉన్నారట. శిఖరం మీద అప్పుడప్పుడు కనబడే వెలుగులు వాళ్ళ విమానాలవేనట. నన్ను ఒప్పించాలన్న తాపత్రయం ఆవిడ గొంతులో లేదు. పక్కింటివాళ్ళ గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను హైదరాబాద్ నాచారంలో పుట్టి పెరిగినదాన్ని. లెమూరియా గురించి నాకు ఇంట్లో గానీ బళ్ళో గానీ ఎవరూ చెప్పలేదు. అయినా ఆవిడ మాట నన్ను వదల్లేదు. నేనుండే శాక్రమెంటోకి తిరిగొచ్చి చదవడం మొదలుపెడితే దారి తిరిగి తిరిగి మన తీరానికే వచ్చింది. అమెరికా చరిత్ర అనగానే మనవాళ్ళకి వాషింగ్టన్, లింకన్ గుర్తుకొస్తారు. ఈ దేశాన్ని అర్థం చేసుకోవడానికి నాకు మాత్రం ఈ కొండ ఎక్కువ ఉపయోగపడింది.

ముందు కొండ గురించి చెప్పాలి. ఇంటర్‌స్టేట్ 5 మీద ఉత్తరంగా పోతుంటే, రెడ్డింగ్ దాటాక దారి చెట్ల మధ్య మెలికలు తిరుగుతుంది. ఒక మలుపులో ఉన్నట్టుండి ఎదుట మంచుకొండ నిలబడి ఉంటుంది. ఎత్తు 14,179 అడుగులు. హిమాలయాల్లో శిఖరం పక్కన శిఖరం ఉంటుంది. శాస్తా మాత్రం ఒంటరిగా, కింది ఊరి నుంచి దాదాపు పది వేల అడుగులు లేచి ఉంటుంది. అది అగ్నిపర్వతం. చివరిసారి పేలి మూడు వేల ఏళ్ళు దాటినా శిఖరం దగ్గర ఇంకా గంధకపు ఆవిర్లు వస్తూనే ఉన్నాయి. 1875లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రేమికుడు తోటి మనిషితో కలిసి పైన మంచు తుఫానులో చిక్కుకున్నాడు. ఇద్దరూ రాత్రంతా ఆ వేడి బురదలో పడుకుని బతికి బయటపడ్డారు. వీపు కాలుతుంటే ఛాతీ మీద మంచు గడ్డకట్టిందట.

ఇక ఈ కొండ మీద నిలిచే మబ్బు సంగతి. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలి ఈ ఒంటి కొండను ఢీకొని పైకి లేస్తుంది, చల్లబడి మబ్బవుతుంది. శిఖరం దాటి కిందికి దిగగానే ఆ మబ్బు కరిగిపోతుంది. గాలి పరుగెడుతూనే ఉంటుంది, మబ్బు మాత్రం ఉన్నచోటి నుంచి కదలదు. అంచులు నున్నగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి బోర్లించిన పళ్ళేల్లా ఉంటుంది. నేను చూసిన సాయంత్రం ఎండ తగిలి దాని అడుగంతా నారింజరంగుకు తిరిగింది. కూరగాయల సంచులు కారు మీద పెట్టి, జనం తల పైకెత్తి నిలబడిపోయారు. కారణం తెలిసి చూసినా నాకు ఒళ్ళు జలదరించింది. తెలియనివాళ్ళు ఏదో ఒకటి నమ్మారంటే ఆశ్చర్యమేముంది?

లెమూరియా పుట్టింది ఒక సందేహంలోంచి. మడగాస్కర్‌లో లీమర్లు అనే జంతువులుంటాయి. వాటి దూరపు చుట్టం మన అడవుల్లోని దేవాంగపిల్లి. మధ్యలో ఇంత సముద్రముండగా ఈ చుట్టరికం ఎలా కుదిరింది? హిందూ మహాసముద్రంలో మునిగిపోయిన ఖండమేదో ఉండి ఉండాలని 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఊహించి, దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. దివ్యజ్ఞాన సమాజం స్థాపించిన బ్లావట్‌స్కీ 1888లో రాసిన గ్రంథంలో ఆ ఖండానికి మనుషుల్ని కూడా ఇచ్చింది. ఆమె సమాజానికి 1882 నుంచి మద్రాసులోని అడయారే ఇల్లు. అదే ఏడు ఆమె, సమాజం సహ స్థాపకుడు ఆల్కాట్ బకింగ్‌హాం కాలువ మీద పడవలో నెల్లూరుకి, అక్కణ్ణుంచి గుంటూరుకి వచ్చారు. తమిళులు ఆ ఖండాన్నే కుమరి కండంగా తమ ప్రాచీన చరిత్రలో కలుపుకున్నారు.

మా నాన్న ఉప్పల్ రోడ్డులోని ఎన్.జి.ఆర్.ఐ. అనే భూభౌతిక పరిశోధనా సంస్థలో పనిచేసేవారు. స్క్లేటర్ సందేహానికి జవాబు ఆయన నాకు చిన్నప్పుడే చెప్పారు, లెమూరియా పేరెత్తకుండానే. ఖండమేదీ మునగలేదు, ఖండాలే కదిలాయి. ఇండియా, మడగాస్కర్ ఒకప్పుడు అంటుకుని ఉండి దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. అది రుజువయ్యాక శాస్త్రానికి లెమూరియాతో అవసరం తీరిపోయింది. ఈలోపే అది పసిఫిక్ దాటి కాలిఫోర్నియా చేరింది.

అక్కడ రంగం సిద్ధంగా ఉంది. శాస్తా దగ్గరి వైరీకా ఊళ్ళో ఫ్రెడరిక్ ఆలివర్ అనే కుర్రాడు 1880లలో, ఇరవై ఏళ్ళయినా నిండకుండానే, తన చెయ్యి తనంతట తానే రాస్తోందంటూ ఒక పెద్ద పుస్తకం రాశాడు. కొండ లోపల నున్నటి గోడల మందిరాలు, అందులో గురువులు. అతను పోయాక 1905లో తల్లి దాన్ని అచ్చు వేయించింది. సాన్ హోజేలో ఉండే మనవాళ్ళకి ఊరి మధ్యనున్న ఈజిప్టు మ్యూజియం తెలుసు కదా, దాన్ని నడిపే రోసిక్రూషియన్ సంఘం 1931లో లెమూరియన్లు శాస్తాలోనే ఉన్నారని ఒక పుస్తకం వేసింది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో ఒక వ్యాసం వచ్చింది. రైల్లో పోతుంటే తెల్లవారుజామున కొండ మీద వింత వెలుగు కనిపించిందని, లెమూరియన్లు పూజ చేసుకుంటున్నారని రైలు ఉద్యోగి చెప్పాడని రాశాడు విలేఖరి. తెల్లంగీలు వేసుకున్న మనుషులు కింది ఊళ్ళకి వచ్చి, ఉప్పూ గంధకం కొని బంగారు ముక్కలు ఇచ్చిపోతారన్న కథ కూడా ఆ రోజుల్లోనే పాకింది. నమ్మకానికి కొండ ఒక్కటే సరిపోలేదు. రైలు కావాలి, పత్రిక కావాలి, అచ్చాఫీసు కావాలి.

1930లో గై బల్లార్డ్ అనే గనుల ఇంజనీరు కొండ మీద తిరుగుతుంటే ఒక యువకుడు కనిపించి, మీగడలాంటి పానీయం ఇచ్చాడట. తాను సెయింట్ జెర్మెయిన్ అనే సిద్ధపురుషుణ్ణని చెప్పాడట. అందులోంచి "ఐ యామ్" అనే మతం పుట్టి దేశమంతా పాకింది. బల్లార్డ్ పోయాక భార్య మీద, కొడుకు మీద మోసం కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మత విశ్వాసం నిజమా అబద్ధమా తేల్చడం జ్యూరీ పని కాదని 1944లో కోర్టు తీర్పు చెప్పింది. ఈ దేశం మీద నాకున్న గౌరవంలో సగం ఇలాంటి మాటల వల్ల వచ్చిందే. ఎంత వింత నమ్మకమైనా సరే, దాని నిజానిజాల్ని సర్కారు తూచకూడదు అనుకోవడానికి గుండెధైర్యం కావాలి.

1947లో ఇదే పర్వతశ్రేణిలోని మౌంట్ రెయినీర్ దగ్గర విమానం నడుపుతున్న కెన్నెత్ ఆర్నాల్డ్‌కి మెరుస్తూ దూసుకుపోయే వస్తువులు తొమ్మిది కనిపించాయి. పత్రికలు వాటికి ఎగిరే పళ్ళేలని పేరు పెట్టాయి. శాస్తా మీద వెలుగులు అంతకుముందూ ఉన్నాయి, మబ్బులూ ఉన్నాయి. అవి అప్పటిదాకా లెమూరియన్ల దీపాలు. ఆ తర్వాత అవే వేరే లోకాల వాహనాలయ్యాయి. 1987 ఆగస్టులో ప్రపంచానికి కొత్త యుగం మొదలవుతుందని చెప్పి వేలమంది ఈ కొండకి వచ్చారు. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల రంపపు మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడుతున్నాయి. కలప మీద బతికిన ఊళ్ళకి యాత్రికులు ఆధారమయ్యారు. స్ఫటికాల కొట్లు వచ్చాయి, ధ్యానానికి తీసుకెళ్ళే గైడులు వచ్చారు.

ఇదంతా చదువుతుంటే నాకు మౌలాలి గుట్టే కళ్ళముందు మెదిలింది. మా నాచారం మేడ మీంచి చూస్తే అదే కనిపించేది. 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, యాకూత్ అనే కొలువు ఉద్యోగి జబ్బుపడి లాలాగూడలో ఉన్నాడు. కలలో ఆకుపచ్చ బట్టల మనిషి వచ్చి పిలిచాడు. వెంట వెళ్తే గుట్ట మీద రాతికి చెయ్యి ఆన్చి హజ్రత్ అలీ కూర్చుని ఉన్నారు. తెల్లారి వెళ్ళి చూస్తే బండ మీద చేతి గుర్తు ఉంది. అంతే. ఒక మనిషి, ఒక దర్శనం. సుల్తాను వచ్చాడు. మెట్లు వచ్చాయి, కమాను వచ్చింది. ఆసఫ్‌జాహీల కాలానికి రజబ్ నెల ఉర్సంటే నగరమంతా ఈ దారినే పట్టేది. అమీర్లు దారి పొడుగునా బంగళాలు కట్టుకున్నారు. కవయిత్రి మహ్ లఖా బాయి తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడికి వచ్చి మొక్కుకుందని చెబుతారు. ఆ తల్లీకూతుళ్ళ సమాధులు గుట్ట కిందే ఉన్నాయి. శిథిలమైన ఆ తోటని అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేయించి 2011లో తెరిచారు. యాకూత్‌కీ బల్లార్డ్‌కీ మధ్య మూడున్నర శతాబ్దాలు, సగం భూగోళం. అయినా దర్శనం, దాన్ని చెప్పినవాడు, విన్నవాడు, దారి, అంగడి అన్నీ అదే వరసలో వచ్చాయి.

మా అమ్మ నన్ను మౌలాలికి తీసుకెళ్ళేది. మలీదా చేసి, మూత గిన్నెలో పెట్టుకుని, మెట్ల దగ్గర గులాబీ పూల చద్దర్ కొనేది. ఎక్కుతుంటే బండలు అరికాళ్ళకి చురుక్కుమనేవి. పైకి చేరాక గాలి. కింద రైలు పట్టాలు, మల్లాపూర్ ఫ్యాక్టరీలు, నాచారం చెరువు, మా ఇంటి దిక్కు. ఫాతెహా అయ్యాక మలీదా ఆకులో పెట్టి ఇచ్చేవారు. ఆ బెల్లం, నెయ్యి వాసన ఇక్కడ నేనే చేసుకున్నా రావడం లేదు. ఆ గుట్టల రాయి 250 కోట్ల ఏళ్ళ నాటిదని నాన్న చెప్పేవారు. శాస్తాకి ఆరు లక్షల ఏళ్ళు కూడా లేవు. మాది ముసలి రాయి, వీళ్ళది పసిబిడ్డ.

ఆ ముసలి రాళ్ళలో ఎన్ని మిగిలాయి? నా చిన్నప్పుడు చుట్టుపక్కలున్న గుట్టలు చాలావరకు కంకరై అపార్ట్‌మెంట్ల స్లాబుల్లోకి వెళ్ళిపోయాయి. మౌలాలి నిలిచింది, చేతి గుర్తు ఉంది కాబట్టి. శాస్తా విషయంలోనూ అంతే. దాని ఒడిలో పెద్ద స్కీ రిసార్టు కట్టాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. కొండని పవిత్రంగా చూసే ఆదివాసులు, పర్యావరణవాదులు పోరాడారు. 1998లో అటవీశాఖ అనుమతి వెనక్కి తీసుకుంది. నేను ఎగిరే పళ్ళేల్ని నమ్మను. కానీ కొండకి దండం పెట్టేవాడు దాన్ని పగలగొట్టడు అన్నది మాత్రం నమ్ముతాను.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఈ కొండ కథ చెప్పేవాళ్ళంతా ఆలివర్ నుంచో బల్లార్డ్ నుంచో మొదలుపెడతారు. అంతకు ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచి వింటూ, శాస్తా, మోడాక్, పిట్ రివర్ జాతులు ఇక్కడ ఉన్నాయి. పాంథర్ మెడోస్ అనే పచ్చికలోని ఒక ఊట నుంచే తాము ఈ లోకంలోకి వచ్చామని వింటూల్లోని విన్నెమెమ్ తెగవాళ్ళ విశ్వాసం. 1945లో పూర్తయిన శాస్తా డ్యాం కింద వాళ్ళ ఊళ్ళు, పూజాస్థలాలు మునిగిపోయాయి. ఒక తెగగా వాళ్ళని కేంద్ర ప్రభుత్వం ఈ రోజుకీ గుర్తించలేదు. మునిగిన ఖండం కోసం ఇంతమంది ఇంత దూరం వస్తారు. నిజంగా మునిగిన ఊళ్ళ మనుషులు పక్కనే ఉన్నారని చాలామందికి తెలియదు. వాళ్ళ ఊటలోనే కొందరు స్ఫటికాలు పడేస్తారు, స్నానాలు చేస్తారు, చనిపోయినవాళ్ళ బూడిద కలుపుతారు. ఫ్లోరెన్స్ జోన్స్ అనే విన్నెమెమ్ పెద్దావిడ బతికున్నన్నాళ్ళూ ఇది వద్దని చెబుతూనే ఉన్నారు. బల్లార్డుల మతాన్ని కోర్టు తూచలేదు, మంచిదే. అదే మర్యాద ఈ ఊటకి కూడా దక్కాలి.

వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకి నాదొక మనవి. వాళ్ళు మిమ్మల్ని తప్పకుండా శాస్తాకి తీసుకెళ్తారు. వెళ్ళండి. మంచు కరిగి పై రోడ్డు తెరిస్తే పాంథర్ మెడోస్ కూడా చూడండి, కాలిబాట దిగకుండా నడవండి. ఊట దగ్గర కొబ్బరికాయ కొట్టకండి, పసుపు కుంకుమ చల్లకండి, చిల్లర వేయకండి, తీర్థమనుకుని చెయ్యి కూడా పెట్టకండి. అది ఇంకొకరి గర్భగుడి. దండం పెట్టుకోవాలనిపిస్తే దూరం నుంచే పెట్టుకోండి, ఎవరూ కాదనరు. నీళ్ళు కావాలంటే కింద ఊరి పార్కులో శాక్రమెంటో నది పుట్టే ఊట ఒకటుంది. అక్కడ ఊరివాళ్ళు డబ్బాలు పట్టుకుని వరసలో ఉంటారు. మీరూ సీసా తీసుకెళ్ళి, వాళ్ళ వెనక నిలబడి నింపుకోండి.